అంటార్కిటికా ఓజోన్ నష్టాన్ని ఉపగ్రహ కొలతలతో, మోడళ్లతో లెక్కగట్టడం: మొదటి ఫైలు నుంచి చివరి అంకె దాకా

ఉపగ్రహం ఒక చోట ఎంత ఓజోన్ ఉందో చెబుతుంది, ఎంత నాశనమైందో చెప్పదు. ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్ మీద పని మొదలుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దక్షిణ ధ్రువ శీతాకాలంలో ధ్రువం చుట్టూ తిరిగే బలమైన గాలుల వలయం (ధ్రువ సుడి) లోపలి గాలి వారాల తరబడి నెమ్మదిగా కిందికి దిగుతూ, పైనున్న ఓజోన్‌ను వెంట తెస్తుంది. అది జమ. ఎండ తిరిగి రాగానే క్లోరిన్, బ్రోమిన్ ఆ ఓజోన్‌ను తినడం మొదలుపెడతాయి. అది ఖర్చు. ఉపగ్రహం చూసేది చివరికి మిగిలిన నిల్వ ఒక్కటే. జమ ఎంతో మోడల్ నుంచి తెచ్చుకుంటేనే ఖర్చు తేలుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ తీసివేత గురించే.

ఉదాహరణకు 2019, 2020 సంవత్సరాలను పక్కపక్కన పెడదాం. 2019లో ఓజోన్ రంధ్రం సెప్టెంబరు 8న 1.64 కోట్ల చదరపు కిలోమీటర్లకు చేరి, అక్కడి నుంచి కుంచించుకుపోయింది. ఆ నెల మిగతా రోజుల్లో, అక్టోబరులో కోటి చదరపు కిలోమీటర్ల లోపే ఉంది. 2020లో సెప్టెంబరు 20 నాటికి 2.48 కోట్లకు చేరింది, డిసెంబరు చివరిదాకా పూడలేదు. గాలిలో క్లోరిన్ ఒక్క ఏడాదిలో అంతగా పెరగదు, తగ్గదు. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? రసాయన నష్టం తగ్గిందా, బయటి నుంచి ఓజోన్ ఎక్కువగా వచ్చి చేరిందా, రెండూ జరిగాయా? ప్రశ్నను ఇలా బిగించుకున్నాకే డేటా దింపుకోండి.

ఏ పరికరం, ఎందుకు

ఈ పనికి ఆరా ఉపగ్రహం మీది మైక్రోవేవ్ లింబ్ సౌండర్‌ను మించింది లేదు. ఇకపై ఎంఎల్ఎస్ అందాం. ఆరాను 2004 జూలై 15న ప్రయోగించారు. ఎంఎల్ఎస్ వాతావరణపు అంచును పక్క నుంచి చూస్తూ, అణువులు తమంతట తాము వెలువరించే మైక్రోవేవ్ వికిరణాన్ని కొలుస్తుంది. దానికి ఎండ అక్కర్లేదు. జూన్, జూలై నెలల ధ్రువ రాత్రిలోనూ రోజూ కొలతలు వస్తాయి. ధ్రువ స్ట్రాటోస్ఫియర్ మేఘాలు కూడా దానికి అడ్డురావు. రోజుకు సుమారు 3,500 నిలువు ప్రొఫైళ్లు (ఎత్తు వెంట విలువల వరుసలు), 82 డిగ్రీల దక్షిణం నుంచి 82 డిగ్రీల ఉత్తరం దాకా, దారి పొడవునా దాదాపు 165 కిలోమీటర్లకు ఒకటి. దక్షిణాన 60 డిగ్రీల అవతల రోజుకు 500కు పైగా ప్రొఫైళ్లు పడతాయి.

అదే ఉపగ్రహం మీది ఓఎంఐ పరికరం అతినీలలోహిత కాంతితో మొత్తం ఓజోన్ నిలువును, అంటే నేల నుంచి పైదాకా ఉన్న ఓజోన్ మొత్తాన్ని కొలుస్తుంది. రంధ్రం విస్తీర్ణానికి అది కావాలి కానీ చీకట్లో దానికి చూపు లేదు. ఆగస్టు మొదట్లో గీసిన పటంలో ధ్రువం చుట్టూ కనిపించే ఖాళీ డేటా లేక వచ్చింది. దాన్ని ఓజోన్ లేమిగా పొరబడవద్దు.

ఫైళ్లు, వడపోత

నాసా ఎర్త్‌డేటాలో ఉచితంగా ఖాతా తెరిస్తే గొడార్డ్ డేటా కేంద్రం నుంచి ఎంఎల్ఎస్ వెర్షన్ 5 ఫైళ్లు దొరుకుతాయి. రోజుకు, ఒక్కో వాయువుకు ఒక్కో ఫైలు. ఓజోన్‌తో పాటు నైట్రస్ ఆక్సైడ్, క్లోరిన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్, నైట్రిక్ యాసిడ్ కూడా దింపుకోండి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, రెండేళ్లకూ. పైథాన్‌లో హెచ్5పై లైబ్రరీతో నేరుగా తెరుచుకుంటాయి.

ఓజోన్‌కు ఫైల్లోనే ఉండే నాణ్యత గుర్తులతో నాలుగు పరీక్షలు పెట్టాలి. స్టేటస్ సరి సంఖ్య అయి ఉండాలి. క్వాలిటీ 1.0 కంటే ఎక్కువ, కన్వర్జెన్స్ 1.03 కంటే తక్కువ ఉండాలి. ప్రెసిషన్ ధనాత్మకంగా ఉండాలి. అది రుణాత్మకమైతే ఆ విలువ కొలత నుంచి కాక, ముందస్తు అంచనా నుంచే ఎక్కువగా వచ్చిందని అర్థం. మొదటి మూడింట్లో ఏది తప్పినా ప్రొఫైల్ మొత్తం పోతుంది, నాలుగోది తప్పితే ఆ ఒక్క పీడన స్థాయి పోతుంది. పీడనం 261 హెక్టోపాస్కల్ కంటే ఎక్కువున్న స్థాయిలు, అంటే ఇంకా కిందివి, వాడకూడదు. ఈ హద్దులు ఓజోన్‌వి మాత్రమే. ప్రతి వాయువుకూ వేరే హద్దులుంటాయి, వెర్షన్ మారితే అవీ మారవచ్చు. ఆ వెర్షన్‌తో వచ్చే డేటా నాణ్యత పత్రాన్ని తెరిచి చూడకుండా ఒకదాని హద్దు ఇంకోదానికి పెట్టకండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు రుణాత్మక విలువలను తీసిపారేయడం. అక్టోబరు మొదట్లో 50 హెక్టోపాస్కల్ దగ్గర ఓజోన్ దాదాపు సున్నా. కొలతలో సహజంగా ఉండే ఊగిసలాట వల్ల కొన్ని ప్రొఫైళ్లు సున్నాకు పైన, కొన్ని కింద వస్తాయి. కిందివి తీసేస్తే సగటు పైకి జరుగుతుంది, నష్టం తక్కువగా కనిపిస్తుంది. రాశి భౌతికంగా రుణాత్మకం కాలేదు, నిజమే. కానీ సగటు తీసే దాకా ఆ విలువలు ఉండాల్సిందే.

తక్కువ విలువను అనుమానించడం ఈ రంగంలో పాత కథ. 1978 అక్టోబరులో ఎగిరిన నింబస్-7 ఉపగ్రహం మీద ఓజోన్ కొలిచే టామ్స్ పరికరం ఉండేది. దాని డేటా ప్రాసెసింగ్‌లో 180 డాబ్సన్ యూనిట్ల (మొత్తం ఓజోన్ నిలువును చెప్పే ప్రమాణం) కంటే తక్కువ వచ్చిన కొలతలకు అనుమానపు గుర్తు పడేది. ఓజోన్ తరుగుదలను ప్రపంచానికి ముందుగా చెప్పింది 1985 మేలో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ ప్రచురించిన వ్యాసం. దానికి ఆధారం అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రంలో నేల మీది డాబ్సన్ పరికరం. కాబట్టి మీ కోడ్‌లో ‘ఇంతకంటే తక్కువైతే తీసెయ్’ అనే వరుస ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోండి.

సమయం గురించి ఒక చిన్న మాట. ఫైల్లోని సమయం 1993 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు, లీపు సెకన్లతో కలిపి. మామూలు తేదీగా మార్చేటప్పుడు వాటిని వదిలేస్తే 2017 తర్వాతి డేటాలో 10 సెకన్లు తేడా వస్తుంది. ఈ పనిలో అంత చిన్న తేడా లెక్కలోకి రాదు.

ఎత్తు కొలబద్ద, సుడి అంచు

పీడన స్థాయి మీద సగటు తీస్తే గాలి పైకీ కిందికీ ఊగినప్పుడల్లా ఓజోన్ మారినట్టు కనిపిస్తుంది. అందుకే గాలి పైకీ కిందికీ ఊగినా దాదాపు మారని పొటెన్షియల్ టెంపరేచర్‌ను ఎత్తుగా వాడతాం. ఉష్ణోగ్రతను (1000 ÷ పీడనం) ఘాతం 0.286తో గుణిస్తే అది వస్తుంది. 50 హెక్టోపాస్కల్ దగ్గర 190 కెల్విన్ ఉంటే: 20 ఘాతం 0.286 అంటే 2.355, దాన్ని 190తో గుణిస్తే 448 కెల్విన్. ఓజోన్ నష్టం ఎక్కువగా జరిగే పొర ఇదే, 400 నుంచి 550 కెల్విన్ మధ్య. ఉష్ణోగ్రత మెర్రా-2 లేదా ఈఆర్ఏ5 రీఅనాలిసిస్ (గత వాతావరణాన్ని కొలతలు, మోడల్ కలిపి తిరిగి కట్టిన డేటా) నుంచి తీసుకోండి. ఎంఎల్ఎస్ ప్రొఫైల్‌ను ఈ స్థాయిలకు మార్చేటప్పుడు ఓజోన్ లాగరిథమ్ తీయవద్దు, సున్నా దగ్గర అది పగిలిపోతుంది. పీడనం లాగరిథమ్ మీద ఓజోన్‌ను సరళరేఖగా తీసుకుంటే చాలు. ఎంఎల్ఎస్ ప్రొఫైల్ నిర్మాణమూ అలాంటిదే.

ఇప్పుడు ఏ ప్రొఫైల్ సుడి లోపల ఉంది, ఏది బయట ఉంది అని తేల్చాలి. ‘60 డిగ్రీల దక్షిణం’ అని గీత గీస్తే పని చెడుతుంది. సుడి గుండ్రంగా ఉండదు, ధ్రువం మీద సరిగ్గా కూర్చోదు. 2019 సెప్టెంబరులో అయితే అది బాగా పక్కకు జరిగింది. గాలి ఎంత బలంగా సుడి తిరుగుతుందో చెప్పే పొటెన్షియల్ వర్టిసిటీని వాడండి. ఒక్కో విలువకు, దాని కంటే ధ్రువం వైపున్న వైశాల్యం ఎంతో లెక్కగట్టి, అంతే వైశాల్యమున్న ధ్రువ టోపీ ఏ అక్షాంశం దగ్గర ఆగుతుందో చూస్తే అదే సమాన అక్షాంశం. వైశాల్యం = 2 × పై × భూవ్యాసార్ధం వర్గం × (1 − సైన్ అక్షాంశం). ఈ సమాన అక్షాంశం వెంట వర్టిసిటీ ఎక్కడ అతి నిటారుగా మారుతుందో, అదే చోట గాలి వేగం కూడా ఎక్కువగా ఉందో లేదో చూడండి. అదే అంచు. దీన్ని నాష్ పద్ధతి అంటారు.

దక్షిణార్ధగోళంలో పొటెన్షియల్ వర్టిసిటీ రుణాత్మకం. గుర్తు మార్చడం మరిచిపోతే కోడ్ ఫిర్యాదు చేయకుండా సుడి లోపలిదాన్ని బయట, బయటిదాన్ని లోపల చూపిస్తుంది. ఒక రోజు పటం గీసి కంటితో చూసుకోండి. అంచు రోజురోజుకూ ఎగిరెగిరి పడుతుంటే ఐదు రోజుల చలన సగటు తీయండి.

సగటులో ఇంకో లోపం దాగి ఉంటుంది. ఉపగ్రహం దారులన్నీ 82 డిగ్రీల దగ్గర గుమిగూడతాయి కాబట్టి, అన్ని ప్రొఫైళ్లకూ సమాన బరువిస్తే ఆ చిన్న వలయం మాటే నెగ్గుతుంది. సమాన అక్షాంశాన్ని 2 లేదా 3 డిగ్రీల పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీకి సగటు తీసి, పట్టీ వైశాల్యంతో బరువు పెట్టి కలపండి.

మోడల్ ఎంపిక: ఇక్కడ మోసపోవడం తేలిక

చేతికి అందుతుందని మెర్రా-2లోని ఓజోన్‌ను తీసుకొచ్చి ఎంఎల్ఎస్‌తో పోల్చకండి. మెర్రా-2 2004 చివరి నుంచి ఎంఎల్ఎస్, ఓఎంఐ ఓజోన్‌ను తనలో కలుపుకుంటోంది. ఈఆర్ఏ5 కూడా ఎంఎల్ఎస్‌ను వాడుకుంది. రెండూ చక్కగా సరిపోతాయి. కొలతను ఆ కొలతతోనే పోల్చినట్టు కదా. రీఅనాలిసిస్ నుంచి గాలి, ఉష్ణోగ్రత తీసుకోవచ్చు, ఓజోన్ తీసుకోకూడదు.

మనకు కావాల్సింది రీఅనాలిసిస్ గాలుల మీద నడుస్తూ, ఓజోన్‌ను తన రసాయనంతో తానే లెక్కించే మోడల్. ఎవరైనా దింపుకుని నడపగలిగినవి జియోస్-కెమ్, సీఈఎస్ఎం అనే భూవాతావరణ మోడల్లో భాగమైన వాకమ్. లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ల టామ్‌క్యాట్, యూలిష్ వాళ్ల క్లామ్స్ ఈ పనిలో దశాబ్దాలుగా ఉన్నవి. వాకమ్‌ను స్వేచ్ఛగా వదిలేస్తే అది తన సొంత వాతావరణాన్ని పుట్టిస్తుంది, అందులో 2019 నాటి సెప్టెంబరు వేడెక్కడం రాదు. గాలులను, ఉష్ణోగ్రతను మెర్రా-2 వైపు నెమ్మదిగా లాగే రకాన్నే వాడాలి. మోడల్‌ను జూన్ 1న ఉన్నపళంగా మొదలుపెట్టకూడదు. స్ట్రాటోస్ఫియర్ గాలి మారడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి క్లోరిన్ నిల్వలు కుదురుకోవడానికి కనీసం పదేళ్ల ముందు నుంచి నడపాలి, లేదా అలా నడిపి దాచిన రీస్టార్ట్ ఫైలు నుంచి మొదలుపెట్టాలి.

మోడల్లో ఓజోన్ను రెండుగా మోయించండి. ఒకటి రసాయనం ఉన్న మామూలు ఓజోన్. రెండోది జూన్ 1న దాని నుంచే నకలు తీసి, ఆ తర్వాత గాలితో పాటు కదలడం తప్ప ఏ రసాయనానికీ లోనుకాని నిష్క్రియ ఓజోన్. ఈ రెండోదే మన జమ పద్దు. మొదలు తేదీ రెండేళ్లకూ ఒకటే ఉండాలి. ఇంకా మెరుగైన పని ఏమిటంటే, నిష్క్రియ ఓజోన్‌ను మోడల్ ఓజోన్‌తో కాక ఎంఎల్ఎస్ ఓజోన్‌తోనే మొదలుపెట్టడం. జూన్ 1కి అటూ ఇటూ ఐదేసి రోజుల ఎంఎల్ఎస్ ప్రొఫైళ్లను సమాన అక్షాంశం, పొటెన్షియల్ టెంపరేచర్ పట్టికలో సగటు తీసి, ఆ పట్టిక నుంచి గ్రిడ్‌కు తిరిగి పంచితే సరి. అప్పుడు మోడల్‌కు మొదటి నుంచీ ఉన్న పక్షపాతం నష్టంగా లెక్కలోకి రాదు.

ప్రమాణాలు ఒకసారి చూసుకోండి. ఎంఎల్ఎస్, వాకమ్ ఇచ్చేది అణువుల నిష్పత్తి. ద్రవ్యరాశి నిష్పత్తి ఇచ్చే మోడల్ అయితే 28.97 ÷ 48, అంటే 0.6035తో గుణించాలి. ఇది మరిస్తే ఓజోన్ 66 శాతం ఎక్కువ వస్తుంది, అదృష్టవశాత్తూ అంత తేడా దాగదు.

ఉపగ్రహం చూసిన చోటే మోడల్‌ను చూడటం

మోడల్ మొత్తం సుడికీ సగటు తీసి, ఎంఎల్ఎస్ చూసిన 500 చోట్ల సగటుతో పోల్చితే, 82 డిగ్రీల అవతలి ధ్రువ భాగం ఒకదాంట్లో ఉంటుంది, మరోదాంట్లో ఉండదు. ప్రతి ఎంఎల్ఎస్ ప్రొఫైల్ అక్షాంశం, రేఖాంశం, సమయం దగ్గర మోడల్ విలువ తీసుకోవాలి. వాకమ్‌లో ఉపగ్రహ దారి వెంట నేరుగా అవుట్‌పుట్ రాయించే సౌకర్యం ఉంది. అది లేకపోతే మూడు గంటలకోసారి అవుట్‌పుట్ దాచి, సమయంలోనూ స్థలంలోనూ ఇంటర్‌పొలేట్ చేయండి. నెలసరి సగటు ఫైళ్లతో ఈ పని కానే కాదు. సుడి తిరుగుతుంటే అంచు దగ్గర ఒకే చోట ఓజోన్ ఒక్క రోజులో తారుమారవుతుంది. భారత కేంద్రం మైత్రి 70.8 డిగ్రీల దక్షిణాన, భారతి 69.4 డిగ్రీల దక్షిణాన ఉన్నాయి. అలాంటి చోట ఒక రోజు సుడి లోపల, ఇంకో రోజు బయట ఉండటం మామూలే. వాటి కొలతలతో పోల్చేటప్పుడు కూడా ఆ రోజు సుడి ఎక్కడుందో ముందు చూడాలి.

స్ట్రాటోస్ఫియర్ ఓజోన్‌లో ఎంఎల్ఎస్ నిలువు స్పష్టత 2.5 నుంచి 3 కిలోమీటర్లు. మోడల్ పొరలు కిలోమీటరు మందం ఉంటే వాటిని ఎంఎల్ఎస్ స్థాయిలకు సగటు తీసి దించండి. ఒకే బిందువు దగ్గర విలువ గిల్లి తీసుకోకండి.

తీసివేతకు ముందు: గాలి సరిగ్గా దిగిందా?

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే చేయగలిగితే ఇది చేయండి. నిష్క్రియ ఓజోన్ విలువంతా గాలి ఎంత దిగిందన్న దాని మీదే ఆధారపడింది. దిగువ స్ట్రాటోస్ఫియర్‌లో పైకి వెళ్లే కొద్దీ ఓజోన్ పెరుగుతుంది. మోడల్ గాలిని అవసరానికి మించి కిందికి దించితే నిష్క్రియ ఓజోన్ ఎక్కువవుతుంది, ఆ మేరకు లేని నష్టం పుడుతుంది.

దీన్ని పట్టుకునేది నైట్రస్ ఆక్సైడ్. అది నేల మీద పుట్టి, పైకి వెళ్లే కొద్దీ తగ్గుతుంది. శీతాకాలపు సుడిలో రసాయనం దాన్ని ముట్టుకోదు. 450, 500, 550 కెల్విన్ స్థాయిల్లో సుడి సగటు నైట్రస్ ఆక్సైడ్‌ను ఎంఎల్ఎస్‌దీ మోడల్‌దీ ఒకే కాగితం మీద గీయండి. జూన్‌లో రెండూ కలిసి బయలుదేరి, సెప్టెంబరుకల్లా మోడల్ గీత కిందికి జారిందంటే గాలి మరీ ఎక్కువగా దిగింది, మీ నష్టం ఉబ్బింది. పైన ఉండిపోయిందంటే తక్కువ దిగింది, లేదా బయటి గాలి లోపలికి కారింది. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి గాలితో పాటు కదలడం తప్ప ఏమీ చేయని ఒక కృత్రిమ ట్రేసర్ పెట్టండి. జూన్ 1న సుడి లోపల 1, బయట 0. అక్టోబరు 1న లోపల ఎంత మిగిలిందో చూడండి. 2 డిగ్రీల గ్రిడ్ మీద, 1 డిగ్రీ గ్రిడ్ మీద ఒకసారి చొప్పున నడిపితే, గ్రిడ్ ముతకదనం వల్ల కారుతున్నది ఎంతో తెలిసిపోతుంది.

ఎంఎల్ఎస్ నైట్రస్ ఆక్సైడ్‌లో ఏళ్ల తరబడి సాగే జారుడు ఉంది, వెర్షన్ 5లో అది తగ్గింది. ఒకే శీతాకాలంలోని మార్పుకు ఇది అడ్డు కాదు. 2019 విలువను నేరుగా 2005 విలువతో పోల్చబోతే మాత్రం అడ్డే.

నష్టం, డాబ్సన్ యూనిట్లలో

రోజువారీ సుడి సగటు నిష్క్రియ ఓజోన్ నుంచి ఎంఎల్ఎస్ ఓజోన్‌ను తీసేయండి. 450 కెల్విన్ దగ్గర జూలైలో 2.5 నుంచి 3 పీపీఎం (పది లక్షల గాలి అణువులకు ఇన్ని) ఉన్న ఓజోన్, మామూలు చలి ఏడాదిలో అక్టోబరు మొదటికి 0.5 కంటే కిందికి పడిపోతుంది.

నిలువు మొత్తానికి మార్చడానికి ఒక అంకె గుర్తుంచుకుంటే చాలు. ఒక పీపీఎం ఓజోన్ ఒక హెక్టోపాస్కల్ మందం పొరలో ఉంటే 0.789 డాబ్సన్ యూనిట్లు. ఎంఎల్ఎస్ స్థాయిలు 82.5, 68.1, 56.2 హెక్టోపాస్కల్ ఇలా ఉంటాయి. 68.1 స్థాయి పొరకు హద్దులు పక్క స్థాయిలతో గుణోత్తర సగటులు: 75.0, 61.9. మందం 13.1. అక్కడ నష్టం 2 పీపీఎం అయితే 0.789 × 2 × 13.1, దాదాపు 21 డాబ్సన్ యూనిట్లు. ఇలా పొర పొరకూ కలుపుకుంటూ వెళ్లండి. 1970ల మొదట్లో హాలీ బే అక్టోబరు సగటు 300 యూనిట్ల దరిదాపుల్లో ఉండేది. మీ లెక్కలో నష్టం 250 వచ్చిందంటే మందాలో ప్రమాణాలో ఎక్కడో తప్పాయి.

దోషం రాసేటప్పుడు 500 ప్రొఫైళ్ల సగటు కాబట్టి చాలా తక్కువ అని ముగించకండి. యాదృచ్ఛిక దోషమే అలా తగ్గుతుంది. క్రమబద్ధ దోషం 5 నుంచి 10 శాతం అలాగే ఉంటుంది, దానికి నైట్రస్ ఆక్సైడ్ పరీక్షలో తేలిన అనిశ్చితి కలుస్తుంది. చాలాసార్లు ఈ రెండోదే పెద్దది.

రెండేళ్లను పక్కన పెట్టి చదవడం

2019 ఆగస్టు చివర స్ట్రాటోస్ఫియర్ ఒక్కసారిగా వేడెక్కింది. సెప్టెంబరులో 20 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సగటు కంటే 16 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంది. నైట్రిక్ యాసిడ్ మేఘాలు ఏర్పడాలంటే దాదాపు 195 కెల్విన్, మంచు మేఘాలకు 188 కెల్విన్ లోపు ఉండాలి. ఆ మేఘాలు కరిగిపోతే నిద్రాణ క్లోరిన్‌ను మేల్కొలిపే ఉపరితలమే ఉండదు. మీ దగ్గర క్లోరిన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ ఉన్నాయి కాబట్టి ఊహించనక్కర్లేదు. క్లోరిన్ మోనాక్సైడ్ తగ్గి హైడ్రోజన్ క్లోరైడ్ తిరిగి పెరగడం ఏ తేదీన మొదలైందో రెండేళ్లకూ చూడండి. పగటి కొలతలే తీసుకోండి, రాత్రి క్లోరిన్ మోనాక్సైడ్ జంట అణువుగా ముడుచుకుపోతుంది. నష్టం గీత ఆగిన తేదీ దీనితో కలవాలి.

ఇక నిష్క్రియ ఓజోన్ గీత చూడండి. 2019 సెప్టెంబరులో అది 2020 కంటే పైన ఉంటే, ఆ తేడా అంతా గాలి తెచ్చిన జమ. నిల్వలోని తేడా నుంచి జమలోని తేడాను తీసేయగా మిగిలేదే రసాయనపు వాటా. అందుకే 2019 చిన్న రంధ్రాన్ని ఓజోన్ పొర కోలుకోవడంగా చెప్పడం తప్పు, 2020 పెద్ద రంధ్రాన్ని ఓజోన్ను తినే రసాయనాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం విఫలమవడంగా చెప్పడమూ అంతే తప్పు. కోలుకోవడాన్ని వెతకాలంటే సెప్టెంబరు మంచి నెల. అక్టోబరుకల్లా దిగువ పొరల్లో ఓజోన్ సున్నాకు చేరిపోతుంది, క్లోరిన్ కాస్త తగ్గినా సున్నా సున్నాగానే ఉంటుంది. 2016లో వాతావరణ శాస్త్రవేత్త సుసాన్ సాలమన్ బృందం కోలుకునే జాడలు చూపించింది సెప్టెంబరు కొలతల్లోనే.

రంధ్రం విస్తీర్ణాన్ని మీరే గీస్తుంటే హద్దు 220 డాబ్సన్ యూనిట్లు. 1979కి ముందు అంటార్కిటికా మీద అంత తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదు. గళ్లను లెక్కపెట్టకండి, వైశాల్యాలను కూడండి. ఒక డిగ్రీ గడి భూమధ్యరేఖ దగ్గర 12,360 చదరపు కిలోమీటర్లు ఉంటే, 75 డిగ్రీల దగ్గర 3,200 మాత్రమే.

హైదరాబాద్ మీద ఇదే చేయవచ్చా?

చేయకూడదు. ఉష్ణమండలంలో దిగువ స్ట్రాటోస్ఫియర్ ఓజోన్‌ను నడిపేది ప్రధానంగా పైకి లేచే గాలి, నిష్క్రియ తీసివేత అక్కడ ధ్రువంలో లాంటి అర్థం ఇవ్వదు. మన ప్రాంతం మీద మొత్తం ఓజోన్ 250 నుంచి 280 యూనిట్ల మధ్య ఉండటం సహజం. దాన్ని చూసి రంధ్రం అనుకోనక్కర్లేదు. స్ట్రాటోస్ఫియర్ అడుగు హద్దైన ట్రోపోపాజ్ 17 కిలోమీటర్ల దగ్గర, 100 హెక్టోపాస్కల్ చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ ఓజోన్ కిలోమీటరులోనే బాగా మారుతుంది, ఎంఎల్ఎస్ 3 కిలోమీటర్ల చూపు ఆ మలుపును నునుపు చేసేస్తుంది. ఆ పొరకు బెలూన్ మీద పైకి వెళ్లి ఓజోన్ కొలిచే ఓజోన్‌సోండే దిక్కు. హైదరాబాద్‌లోని టాటా పరిశోధనా సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి, తిరుపతి దగ్గరి గాదంకి నుంచి నాసా, ఇస్రో కలిసి బెలూన్లు ఎగరేసినవి ఈ ట్రోపోపాజ్ ప్రాంతాన్ని చూడటానికే. సోండ్ ప్రొఫైల్ దొరికితే ముందు దాన్ని ఎంఎల్ఎస్ స్థాయిలకు సగటు తీసి, ఆ తర్వాతే పక్కన పెట్టి చూడండి. నేరుగా పెడితే ఉపగ్రహం తప్పినట్టు కనిపిస్తుంది.